నరం నొక్కుకుంటే ఏ దారి పట్టాలి? రాయగడ వైపు తెలుగువారికి ఒక పాత రోగి చెప్పే లెక్క

ఒడిశాలోని రాయగడలో విశాఖ వైపు వెళ్లే రైలు ఎక్కి చుట్టూ చూడండి. పెట్టెకు ఒకరైనా ఒళ్లో వెడల్పాటి కవరు పెట్టుకొని కనిపిస్తారు. లోపల ఎంఆర్‌ఐ ఫిల్ములు ఉంటాయి. కొందరు సీటు దొరికినా కూర్చోరు. తలుపు పక్కన నిలబడే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటేస్తారు. వాళ్లను ఏమీ అడగక్కర్లేదు, నడుములో నరం నొక్కుకున్నవాళ్లని నాకు తెలిసిపోతుంది. కూర్చుంటే కాలు లాగుతుంది, నిలబడితే కాస్త నయం. కొన్నేళ్ల క్రితం నేనూ అలాగే నిలబడి వెళ్లాను.

నాకు వచ్చిన రోజు సంగతి ముందు ఒప్పుకోవాలి. మాది బట్టల దుకాణం. బేలు ఎత్తుతుంటే పట్టేసిందని ఊరందరికీ చెప్పాను, వినడానికి గౌరవంగా ఉంటుందని. నిజానికి చెప్పులు తొడుక్కోవడానికి వంగి, తుమ్మాను. అంతే. ఎడమ పిరుదు నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా కాలిన తీగ లాగినట్టయింది.

సాయంత్రానికల్లా సలహాలు మొదలయ్యాయి. "నరం మీద నరం ఎక్కింది, తైలం రాసి దింపించాలి" అన్నాడు మామయ్య. వీధి చివర ఆర్‌ఎంపీ రెండు సూదులు వేస్తే రేపటికి లేచి తిరుగుతావన్నాడు. పక్క దుకాణం ఒడియా మిత్రుడు కొరాపుట్ మెడికల్ కాలేజీకి వెళ్లమన్నాడు, బావమరిది విశాఖ రమ్మన్నాడు. నెల తిరిగేసరికి ఒక పెద్ద ఆసుపత్రిలో ఫిల్ము మాత్రమే చూసి, నన్ను బల్ల మీద పడుకోబెట్టి పరీక్షించకుండానే, వారంలో ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుందన్నారు. ఇంకోచోట ఇంకొక వైద్యుడు చెప్పులు విప్పించి, వరండాలో ఒకసారి మడమల మీద, ఒకసారి మునివేళ్ల మీద నడిపించి, "బలం బాగానే ఉంది, ఇంకొన్ని వారాలు చూద్దాం" అన్నారు. కత్తి పడకుండానే తొమ్మిదో వారానికి గల్లాపెట్టె దగ్గర కూర్చోగలిగాను.

ఇది చదివి ఆపరేషన్ అనేదే మోసమని అనుకోవద్దు. అదే ఏడాది మా వీధిలో ఇంకొకాయనకు కథ అడ్డం తిరిగింది. ఆయనకు నాకంటే ఎక్కువ నొప్పి ఉండేది. ఒక రోజు అది హఠాత్తుగా తగ్గింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. కానీ ఆ గుడి మెట్ల దగ్గరే ఆయన కుడికాలి చెప్పు రెండుసార్లు జారిపోయింది. నడిస్తే పాదం ముందుభాగం నేలకు రాసుకుంటోంది. నొప్పి పోయింది కదా అని రెండు నెలలు ఊరుకున్నారు. చివరికి ఆపరేషన్ జరిగింది, కానీ పాదం పూర్తిగా తిరిగి రాలేదు. నొప్పి తగ్గుతూ బలం కూడా తగ్గుతుంటే అది నయం కావడం కాదు, నరం చచ్చుబడిపోవడం.

మా ఇద్దరి అనుభవం నుంచి నాకు మిగిలిన లెక్క ఒక్కటే. దారి ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: కాలిలో, చేతిలో బలం తగ్గుతోందా? మొదలై ఎన్ని వారాలైంది? నొప్పి ఎంత తీవ్రంగా ఉంది, ఫిల్ములో డిస్క్ ఎంత ఉబ్బి కనిపించింది అనేవి వీటి తర్వాతే వస్తాయి. మన వైపు చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు.

లోపల జరిగేది

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండేది డిస్క్. తాటిముంజెను తలచుకోండి. చుట్టూ గట్టిగా ఉండే పొర, లోపల జిగురు గుజ్జు. ముంజెను ఒక పక్క నొక్కితే రెండో పక్క పగిలి రసం చిమ్ముతుంది. ముందుకు వంగి బరువెత్తినప్పుడు డిస్క్ ముందు భాగం నలిగి, లోపలి గుజ్జు వెనక్కి తోసుకొస్తుంది. పొరలు అప్పటికే అరిగి ఉంటే తుమ్మే చాలు. వెనక పక్కనే నరం వేరు బయటికి వచ్చే సందు ఉంది. వెన్నులో ఇలాంటి నరాలు 31 జతలు. నడుములోని 5 పూసల్లో కింది రెండు మెత్తలకే, అంటే వైద్యులు ఎల్‌4-ఎల్‌5, ఎల్‌5-ఎస్‌1 అని రాసేవాటికే (ఎల్‌ అంటే నడుము పూస, ఎస్‌ అంటే దాని కింది త్రికాస్థి), ఈ తంటా ఎక్కువగా వస్తుంది. ఒళ్లు బరువూ వంగుడూ అక్కడే పడతాయి కాబట్టి.

నరం మీద నరం ఎక్కడం అంటూ ఏమీ లేదు. ఉబ్బిన డిస్క్ నరాన్ని నొక్కుతుంది. దానికి తోడు ఆ గుజ్జు తగిలిన చోట నరం వాచి మండుతుంది. మొదటి రోజుల్లో ప్రాణం తోడేసే నొప్పికి ఈ వాపు పెద్ద కారణం. వాపు చల్లారితే, నొక్కుడు కొంత మిగిలినా నొప్పి దిగిపోతుంది. పైగా బయటికి వచ్చిన గుజ్జును శరీరమే మెల్లగా తినేస్తుంది. పూర్తిగా తెగి బయటపడ్డ పెద్ద ముక్కలే చాలాసార్లు ఎక్కువగా కరుగుతాయన్నది వినడానికి వింతగా ఉంటుంది గాని, నిజం. ఫిల్ములో పెద్దది కనిపించిందని గుండె జారిపోకూడదని చెప్పేది ఇందుకే.

అరవై దాటినవారిలో కథ వేరు. అక్కడ డిస్క్ ఒక్కటే దోషి కాదు. ఎముక అంచులు పెరిగి, వెనక బంధనాలు మందమై, నరాల కాలువే ఇరుకవుతుంది. ఇలాంటివారు కొంత దూరం నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి ఆగిపోతారు. వంగి కూర్చుంటే తేరుకుంటారు. సైకిల్ తొక్కగలరు, ఎత్తు ఎక్కగలరు, పల్లం దిగడం కష్టం. నడుం వంగినప్పుడు కాలువ కాస్త విచ్చుకుంటుంది కనుక. ఇది నెలల మీద సాగే జబ్బు, దానంతట అది కరిగిపోదు. అయితే హడావుడిగా కోసేసేదీ కాదు.

ఏ నరం నొక్కుకుందో కాలే చెబుతుంది. పాదం పైభాగం, బొటనవేలు మొద్దుబారితే ఎల్‌5 నరం. అరికాలు, చిటికెనవేలి వైపు అయితే ఎస్‌1. మెడలో అయితే బొటనవేలు ఆరో నరానిది, మధ్యవేలు ఏడోదానిది, చిటికెనవేలు ఎనిమిదోదానిది. వైద్యుడి దగ్గర "కాలంతా నొప్పి" అనకుండా ఏ వేలు తిమ్మిరెక్కుతోందో చెప్పండి. సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

ఇక్కడ మన సరిహద్దు బాధ ఒకటి ఉంది. ఒడియాలో కాలిని 'గోడ' అంటారు. నాకు తోడుగా బొబ్బిలి నుంచి వచ్చిన మా అత్తగారిని నర్సు "ఏ గోడ?" అని అడిగితే, ఆవిడ వెనక్కి తిరిగి గోడనే చూపించింది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, కుడి ఎడమలు తారుమారైతే నవ్వులాట కాదు. భాష రాని పెద్దవాళ్లను పంపేటప్పుడు 'అంటా' అంటే నడుమని, 'ఝిమ్‌ఝిమ్' అంటే తిమ్మిరని ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి.

అసలు వెన్నులోని నరమేనా?

అన్ని తిమ్మిర్లూ నడుము నుంచి రావు. ఇది తేల్చుకోకుండా దారి ఎంచుకుంటే డబ్బు దండగ.

నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు గంటల తరబడి గొంతుక్కూర్చుంటారు. మోకాలి బయటి పక్క, ఎముక మీదుగా పోయే నరం ఆ భంగిమలో నలిగిపోతుంది. మర్నాడు లేచేసరికి పాదం పైకి లేవదు, నడుము మాత్రం నొప్పి ఉండదు. నడుము ఫిల్ములో అందరికీ ఉండే చిన్న ఉబ్బు కనిపించిందంటే, తప్పు చోట వైద్యం మొదలైపోతుంది. పాదం వాలిపోయి నడుము నొప్పి లేకపోతే, "మోకాలి దగ్గర నరం చూశారా?" అని నోరు విప్పి అడగండి.

రెండు పాదాలూ ఒకేసారి మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారి మండుతుంటే ముందు చక్కెర పరీక్ష చేయించాలి. రాత్రి నిద్రలో చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే అది మెడ కంటే మణికట్టులోని నరం కావచ్చు. బిగుతు బెల్టు, బొడ్డు కింద బిగించిన పాంటు తొడ బయటి పక్క మంటకు కారణమవుతాయి. దానికి మందు బెల్టు వదులు చేయడమే.

ఒకటి మాత్రం మన ప్రాంతంలో అస్సలు మరవకూడదు. నడుము నొప్పితో పాటు సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్నెముకకు క్షయ పట్టిందేమో చూడాలి. దీనికి మాలిష్, ఫిజియోథెరపీ పనికిరావు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. గతంలో కాన్సర్ వచ్చినవారు, చెట్టు మీది నుంచో బండి మీది నుంచో పడ్డవారు కూడా ఇంటి వైద్యంతో రోజులు గడపకూడదు.

ఇంట్లో రెండు నిమిషాల పరీక్ష

చెప్పులు తీసి, గోడ అందేంత దూరంలో నిలబడండి (ఇది తెలుగు గోడే). మడమల మీద పది అడుగులు నడవండి. పాదం ముందుభాగం పడిపోతుంటే ఎల్‌5 నరం బలహీనపడుతోందని అనుమానించాలి. తర్వాత ఒంటికాలి మీద నిలబడి మడమను పదిసార్లు ఎత్తండి. బాగున్న కాలు పదీ ఎత్తి, నొప్పి కాలు మూడింటికే కూలబడితే ఎస్‌1. చివరగా రెండు బొటనవేళ్లనూ పైకి ఎత్తి పట్టుకోండి, ఇంకొకరు వేలితో కిందికి నొక్కాలి. ఏది ముందు లొంగిందో చూసుకోండి. రోజూ ఒకే వేళకు చేసి, క్యాలెండర్ మీద రాసుకోండి. ఒక్క రోజు ఫలితం కంటే వారం రోజుల దిశే ముఖ్యం.

మూడూ బాగుంటే మీకు వ్యవధి ఉంది. ఒకటి తప్పితే ఆ వారంలోనే న్యూరోసర్జన్‌కో వెన్నెముక సర్జన్‌కో చూపించాలి. పాదం పూర్తిగా వాలిపోయినా, రోజురోజుకీ దిగజారుతున్నా వారం కూడా ఆగకూడదు.

ఇక గంటల్లో కదలాల్సిన పరిస్థితి ఒకటుంది. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మల విసర్జన మీద పట్టు తప్పడం. జీను మీద కూర్చుంటే తగిలే చోటంతా, అంటే మర్మాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం. రెండు కాళ్లూ ఒకేసారి లాగడం, బలహీనపడడం. కిందికి పోయే నరాల కట్ట మొత్తం నలుగుతోందని దీని అర్థం. అర్ధరాత్రి అయినా 108కి ఫోను చేయాలి. ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. తెల్లారాక చూద్దామనుకుంటే మూత్రం మీద పట్టు జీవితాంతం తిరిగి రాకపోవచ్చు. ఈ విషయం చెప్పుకోవడానికి మన ఆడవాళ్లు సిగ్గుపడి గంటలు గడుపుతారు. కాబట్టి ఇంట్లోవాళ్లే అడగాలి.

ఇప్పుడు దారుల పోలిక

మంచం పట్టడమా, తిరగడమా అన్నది మొదటి ప్రశ్న. మా పెద్దవాళ్లు నన్ను చెక్క బల్ల మీద పదిహేను రోజులు పడుకోమన్నారు. నెదర్లాండ్స్‌లో సయాటికా (నడుములో నరం నొక్కుకొని కాలు లాగే బాధ) ఉన్న 183 మందితో ఒక పరీక్ష చేసి 1999లో ప్రచురించారు. సగం మందిని రెండు వారాలు పడుకోబెట్టారు, మిగతావారిని మామూలుగా తిరగమన్నారు. 12 వారాల తర్వాత రెండు జట్లలోనూ 87 శాతం మంది మెరుగయ్యారు. పడుకున్నవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు. ఒకటి రెండు రోజులు నొప్పికి లొంగి పడుకోవడంలో తప్పు లేదు. మోకాళ్ల కింద దిండు పెట్టుకొని వెల్లకిలా, లేదా మోకాళ్ల మధ్య దిండుతో పక్కకు తిరిగి పడుకోండి. ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత నడవండి. నాకు నడక బాగా పడింది, కూర్చోవడం ఏడు వారాలు పడలేదు. లెక్కలన్నీ నిలబడే రాశాను.

మందుల్లో మాత్రలకూ ఆర్‌ఎంపీ సూదికీ మధ్య పోలిక నా దృష్టిలో పోలికే కాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తిండి తిన్నాక, కొద్ది రోజులకు, వైద్యుడు చెప్పిన మోతాదులో పనికొస్తాయి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారికి అవే ప్రమాదం. సూది అంటే చాలాచోట్ల అదే డైక్లోఫెనాక్‌కు స్టెరాయిడ్ కలిపి తుంటికి పొడవడం. ఆ రాత్రి హాయిగా ఉంటుంది. కానీ ఏ మందు ఎంత పడిందో కాగితం ఉండదు, మధుమేహం ఉన్నవారికి చక్కెర ఎగబాకుతుంది. వారం వారం పొడిపించుకుంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ పడిపోతుంది. నేను రెండు పొడిపించుకున్నాను, నా తప్పు నేనే ఒప్పుకుంటున్నాను. ప్రెగాబాలిన్ అనే మాత్ర కూడా ఇప్పుడు చీటీల్లో విరివిగా కనిపిస్తోంది. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగులకు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే కాలినొప్పిని ఎక్కువ తగ్గించలేదు, తల తిరుగుడు మాత్రం ఎక్కువైంది. వాడుతుంటే హఠాత్తుగా మానకండి, వైద్యుణ్ణి అడిగి మెల్లగా తగ్గించుకోండి. మత్తులో మోటార్ సైకిల్ మీద ఘాటు దారి పట్టవద్దు.

మాలిష్, ఎముకలు సర్దేవాళ్లు ఒక పక్క, ఫిజియోథెరపీ ఇంకో పక్క. తైలం మర్దన వల్ల బిగుసుకున్న కండరాలు సడలుతాయి, మనసుకూ ఊరట. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. వీపు మీద ఎక్కి తొక్కించడం, కాలు పట్టి గుంజడం, నడుము విరిచి 'టక్'మనిపించడం మాత్రం బలం తగ్గినవారికి, ఎముకలు గుల్లబారిన ముసలివారికి ప్రమాదం. ఆయుర్వేదంలో సయాటికానే గృధ్రసి అన్నారు, గద్దలా కుంటుతూ నడుస్తారని. ఆ పేరు పెట్టినవారి చూపును మెచ్చుకుంటాను. కానీ ఆ వైద్యం ఎంచుకున్నా ఇంటి పరీక్ష మానవద్దు, మిగతా మందులు ఏవి వాడుతున్నారో దాచవద్దు.

ఫిజియోథెరపీలో కూడా తేడాలున్నాయి. యంత్రం కింద పడుకోబెట్టి, బరువులు కట్టి లాగి, అరగంటకు పంపేసే చోటు ఒకటి. మీ చేత వ్యాయామం చేయించి, ఏది చేస్తే నొప్పి పాదం నుంచి నడుము వైపు వెనక్కి వస్తుందో గమనించే చోటు ఇంకొకటి. రెండోది ఎంచుకోండి. బరువులు కట్టి లాగడం సయాటికాకు వద్దని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2016లోనే చెప్పాయి. నొప్పి కాలి కిందికి పాకితే ఆ వ్యాయామం ఆపాలి, నడుము దగ్గరికి ముడుచుకుంటే కొనసాగించాలి. నడుములో కాస్త పెరిగినా పాదంలో తగ్గితే అది మంచి గుర్తే. వారానికోసారి పార్వతీపురం వెళ్లి నేర్చుకొని మిగతా రోజులు ఇంట్లో చేసుకున్నా సరిపోతుంది. రోజూ రానుపోను బస్సు కుదుపుల్లో ప్రయాణించి చేయించుకునే వైద్యం నాకు లాభం కంటే నష్టంగానే తోచింది.

ఎంఆర్‌ఐ ఇప్పుడా, తర్వాతా? ఎక్స్‌రేలో డిస్కూ నరమూ కనిపించవు. ఎముక విరుగుడు, పూస జారడం లాంటివి కనిపిస్తాయి. ఎంఆర్‌ఐలో అన్నీ కనిపిస్తాయి, చిక్కు అక్కడే. 1994లో అమెరికాలో, నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 52 శాతం మందికి ఏదో ఒక డిస్క్ ఉబ్బి ఉంది. 27 శాతం మందికి ఇంకాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే. కనుక బలం బాగుండి, పైన చెప్పిన ప్రమాద సూచనలు లేకపోతే మొదటి ఆరు వారాలు ఎంఆర్‌ఐ అవసరం లేదు. నరం వేరు దగ్గర ఇచ్చే సూదో ఆపరేషనో చేయించుకునే ఆలోచన ఉంటే అప్పుడు తీయించుకోవచ్చు. తొందరపడి తీయించుకుంటే మూడు నెలల తర్వాత సర్జన్ మళ్లీ కొత్తది అడగవచ్చు. బలం తగ్గుతుంటే మాత్రం ఆ రోజే.

ఆరేడు వారాలు దాటినా కాలినొప్పి వదలకపోతే మిగిలేవి రెండు. మొదటిది నరం వేరు దగ్గర యంత్రంలో చూస్తూ స్టెరాయిడ్ ఇచ్చే సూది. ఆర్‌ఎంపీ సూదికీ దీనికీ పేరొక్కటే పోలిక. కొందరికి కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ఉపశమనం ఇస్తుంది. ఆ వ్యవధిలో నడక, వ్యాయామం సాగుతాయి. నొక్కుడును అది తీసేయదు, ఎవరైనా శాశ్వతమని చెబితే లేచి వచ్చేయండి. చక్కెర కొద్ది రోజులు పెరుగుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

రెండోది ఆపరేషన్. నరాన్ని నొక్కే డిస్క్ ముక్కను చిన్న కోతతో తీసేస్తారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తారు. దీని గురించి నేను చదివినవాటిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది 2007లో వచ్చిన డచ్ వైద్యుల పరీక్ష. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్, ఇంకో జట్టుకు మందులు, ఎదురుచూపు. మొదటి జట్టులో సగం మంది కోలుకోవడానికి సుమారు 4 వారాలు పట్టింది, రెండో జట్టులో 12 వారాలు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. కానీ ఎదురుచూసిన జట్టులో 39 శాతం మంది ఆగలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే బలం నిలకడగా ఉన్నవారు ఆపరేషన్‌తో కొనుక్కునేది ముఖ్యంగా సమయాన్ని. ఆ రెండు నెలల కూలి లేకపోతే ఇల్లు గడవని లారీ డ్రైవరుకు ఆ సమయం విలువ వేరు, పింఛను తీసుకునే మాస్టారికి వేరు. ఇద్దరికీ ఒకటే సలహా ఇచ్చేవారిని నేను నమ్మను.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ పక్క, ఏ మెత్త? డిస్క్ ముక్క తీయడమేనా, స్క్రూలు కూడా బిగిస్తారా? స్క్రూలు బిగించి పూసలు అతికించేది పెద్ద ఆపరేషన్. పూస జారినవారికో, అస్థిరంగా కదులుతున్నవారికో అవసరం. మొదటిసారి డిస్క్ ఉబ్బినవారికి చాలావరకు అక్కర్లేదు. స్క్రూల మాట వచ్చిందంటే రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. ఇంకొకటి, మీకు ఎక్కువ బాధ కాలిదా నడుముదా? ఈ ఆపరేషన్ కాలి నొప్పికి బాగా పనిచేస్తుంది. నడుము నొప్పి ఒక్కటే ఉన్నవారు అదే ఆశతో వెళ్తే నిరాశ పడతారు. తీసిన చోటే మళ్లీ డిస్క్ ఉబ్బే అవకాశం కొద్దిమందిలో ఉంది, ఇన్‌ఫెక్షన్ ప్రమాదమూ ఉంది. వీటిని అడిగితే విసుక్కునే సర్జన్ మీకు సరైన సర్జన్ కాదు.

మెడ అయితే

మెడ నరం నొక్కుకొని చెయ్యి లాగుతుంటే పై లెక్కే చాలావరకు వర్తిస్తుంది, వారాల్లో తగ్గేవారే ఎక్కువ. తేడా ఒకటుంది. మెడలో నరం వేరు పక్కనే వెన్నుపాము ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, అన్నం ముద్ద జారిపోవడం, నడక తూలడం కనిపిస్తే నొప్పి లేకపోయినా వెంటనే చూపించాలి. అక్కడ ఎదురుచూపు పనికిరాదు. క్షౌరశాలలో గడ్డం గీశాక మెడ రెండు వైపులా విరిచే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు మెడ పూసల గుండా పోతాయి. చేతులు అడ్డం పెట్టి వద్దనండి.

ఏ ఊరికి, ఏ కార్డుతో

రాయగడ జిల్లా ఆసుపత్రిలో మొదటి పరీక్ష, రక్త పరీక్షలు, ఎక్స్‌రే చేయించుకోవచ్చు. ఆపైన మూడు దిక్కులు. 2017లో మొదలైన కొరాపుట్ శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీకి రైలూ ఉంది, ఘాటు రోడ్డూ ఉంది. బరంపురంలో పాత మెడికల్ కాలేజీ ఉంది, గుణుపురం, పర్లాకిమిడి వైపువారికి అది ఒక దారి. వాళ్లకే పాతపట్నం మీదుగా శ్రీకాకుళం ఇంకో దారి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రితో పాటు ప్రైవేటువి చాలా ఉన్నాయి, భాష కలుస్తుంది, చుట్టాలుంటారు. బలం బాగున్నవారు మొదటి ఆరు వారాలు విశాఖ వెళ్లాల్సిన పనే లేదని నా అభిప్రాయం. బలం తగ్గుతున్నవారు దగ్గరి దూరం చూడకూడదు, ఆ రోజు సర్జన్ ఎక్కడ ఉన్నారో ఫోనులో కనుక్కొని అక్కడికే వెళ్లాలి.

కార్డుల దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆ రాష్ట్రపు కుటుంబాలకే. తెలుగు మాట్లాడుతున్నామని వర్తించదు. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. ఆ పథకంలో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేదు. బయల్దేరే ముందు ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, వెన్నెముక ఆపరేషన్ ఆ ఆసుపత్రికి వర్తించే వాటిలో ఉందా అని వాళ్ల ఆయుష్మాన్ బల్ల దగ్గరే అడగాలి. జాబితాలో ఉన్నా వెన్నెముక విభాగం చేరకపోవచ్చు.

ప్రయాణానికి కూర్చునే సీటు కంటే కింది బెర్తు బుక్ చేసుకోండి. బస్సు తప్పకపోతే చక్రాల మీది సీటు, చివరి వరుస వద్దు. తువ్వాలు చుట్టి నడుము వంపులో పెట్టుకోండి, అరగంటకోసారి లేవండి. ఫిల్ములతో పాటు క్యాలెండర్ మీద మీరు రాసుకున్న లెక్క కూడా తీసుకెళ్లండి. నా ఫిల్ములను ఆ రెండో వైద్యుడు కిటికీ వెలుగులో ఒక్క నిమిషం చూశారు. క్యాలెండర్ కాగితాన్ని మాత్రం బల్ల మీద పరుచుకొని, మడమల కింద నేను పెట్టిన టిక్కులను వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు.